ఎవరి మోకాలు వారిది

మన శరీరంలోని కీళ్ళన్నింటిలోకీ పెద్దది మోకాలు. అది మోసే భారం కూడా తక్కువేమీ కాదు. చదునైన నేలమీద నడిచేటప్పుడే మోకాలిపై మన బరువుకు రెండు మూడు రెట్ల భారం పడుతుంది. మెట్లు ఎక్కి దిగేటప్పుడు అది ఇంకా పెరుగుతుంది. అరవై కిలోల మనిషి మేడ మెట్లు దిగుతుంటే ప్రతి అడుగుకూ తన బరువుకు మూడు రెట్లకు మించిన భారాన్ని ఒక్కొక్క మోకాలు మోస్తున్నదన్నమాట. సాధారణంగా తిరిగే మనిషి ఒక్కొక్క కాలితో ఏడాదికి సుమారు పది లక్షల అడుగులు వేస్తాడని వైద్యులు లెక్క కట్టారు. ఇంత పని చేసే కీలు నొప్పి పెట్టేదాకా మనకు గుర్తే రాదు.

బెంగళూరు నగరానికి తూర్పున వర్తూరు ఉంది. ఒకప్పుడు అది పెద్ద చెరువు కింద పంటలు పండించుకున్న ఊరు. ఆ చుట్టుపక్కల గ్రామాలలో తరతరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలు ఉన్నాయి. నేడు పొలాల స్థానంలో ఎత్తయిన భవనాలు లేచాయి. కాని ఆ పొలాలలో వంగి నాట్లు వేసి, కలుపు తీసి, తిరగలి ముందు కూర్చుని రాగులు విసిరిన అవ్వలు ఇంకా ఆ ఇళ్ళలో ఉన్నారు. వారిలో చాలామంది గోడ పట్టుకుని లేస్తారు, కుర్చీ మీదే కూర్చుంటారు. మీ ఇంట్లోని అవ్వా తాతలను గమనించండి. “మోకాళ్ళు అరిగిపోయాయిరా అబ్బీ!” అని వారు అనే మాటలో అతిశయోక్తి లేదు. అక్షరాలా జరిగేది అదే.

తొడ ఎముక కింది కొన, కాలి పెద్ద ఎముక పై కొన కలిసే చోట ఈ కీలు ఉంటుంది. ముందువైపు మోకాటి చిప్ప దానికి డాలులా ఉంటుంది. రెండు ఎముకల కొనలమీదా తెల్లగా, నున్నగా మృదులాస్థి పొర పరచుకుని ఉంటుంది. కీలులో ఊరే జిగట ద్రవం ఆ పొరలను తడుపుతూ ఉంటుంది. ఆ రెంటి కారణంగా ఎముక ఎముకను తాకకుండా కీలు కదులుతుంది. వయసు, బరువు, దెబ్బలు, వంశపారంపర్యంగా వచ్చే లక్షణాలు, ఇలా పలు కారణాల వల్ల ఆ మృదులాస్థి అరుగుతుంది. ఒకసారి అరిగిన పొర తిరిగి మునుపటిలా పెరగదు. చివరకు ఎముకను ఎముక రాచుకుంటుంది. చాలామందికి లోపలివైపు ఎక్కువగా అరిగి కాళ్ళు విల్లులా వంగుతాయి.

అరుగుదల తక్కువగా ఉన్నప్పుడు వ్యాయామం, బరువు తగ్గించుకోవడం, మందులు ఉపకరిస్తాయి. వాటితో పని జరగనప్పుడే కృత్రిమ కీలు మాట వస్తుంది. అంటే మోకాలిని మొత్తంగా తీసి మరొకటి పెడతారని కాదు. ఎడ్లబండి చక్రం కొయ్యదే అయినా నేలను తాకే అంచుకు ఇనుప పట్టా వేస్తారు కదా! అలాగే అరిగిన కొనలను ఒక సెంటీమీటరుకు కాస్త తక్కువ మందాన కోసి, తొడ ఎముకకు లోహపు తొడుగు, కింది ఎముకకు లోహపు పళ్ళెం, ఆ రెంటి నడుమ మృదులాస్థికి బదులుగా గట్టి ప్లాస్టిక్ దిమ్మ అమరుస్తారు.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1890లో బెర్లిన్ నగరంలో థెమిస్టోక్లిస్ గ్లుక్ అనే వైద్యుడు ఏనుగు దంతంతో మడతబందు వంటి మోకాలు చేసి క్షయ సోకిన కీలు స్థానంలో అమర్చాడు. చీము పట్టడంతో ఆ ప్రయత్నం నిలవలేదు. 1960లలో ఇంగ్లండులో జాన్ చార్న్లీ తుంటి కీలుకు లోహపు బంతి, ప్లాస్టిక్ గిన్నె, వాటిని ఎముకకు పట్టించే ప్రత్యేకమైన సిమెంటు వాడి విజయం సాధించాడు. ఆయన వద్ద పనిచేసిన కెనడా వైద్యుడు ఫ్రాంక్ గన్‌స్టన్ ఆ పద్ధతిని 1968లో మోకాలికి తెచ్చాడు. మోకాలు తలుపు బందులా ఒకే ఇరుసు మీద తిరగదనీ, దొర్లుతూ, జారుతూ, కొద్దిగా మెలి తిరుగుతూ ముడుచుకుంటుందనీ గుర్తించి దానికి తగినట్లు రూపకల్పన చేయడం ఆయన గొప్పతనం. 1974 ప్రాంతంలో న్యూయార్కులో జాన్ ఇన్సాల్, ఆయన సహచరులు రూపొందించిన నమూనా నేటి కృత్రిమ మోకాళ్ళకు మూలమైంది.

కంపెనీలు ఈ కీళ్ళను చొక్కాల మాదిరిగా కొన్ని కొలతలలో తయారుచేస్తాయి. ఒక్కొక్క కంపెనీ ఏడెనిమిది నుంచి పదీ పన్నెండు కొలతల వరకు చేస్తుంది. శస్త్రచికిత్స సమయంలో వైద్యుడు ఎముకను కొలిచి దగ్గరి కొలతను ఎంచుకుంటాడు. అంగట్లో కొన్న చొక్కా భుజాల దగ్గర సరిపోతే చేతుల దగ్గర పొడుగవుతుంది. మోకాలి విషయంలోనూ అంతే. ముందువెనుకల కొలత సరిపోయినప్పుడు పక్కల వెడల్పు సరిపోకపోవచ్చు. తొడుగు అంచు ఎముకను దాటి మూడు మిల్లీమీటర్లు బయటికి వచ్చినా అక్కడి కండరాలను రాచుకుని నొప్పికి కారణం కావచ్చునని పరిశీలకులు తేల్చారు. తొలినాటి కొలతలన్నీ ఎక్కువగా ఐరోపా, అమెరికా దేశస్థుల ఎముకలను బట్టి నిర్ణయించినవి. మన దేశంలోని వారి మోకాళ్ళు, ముఖ్యంగా స్త్రీలవి, వాటికంటె చిన్నవి. పైగా నేలమీద బాసిపట్టు వేసుకుని కూర్చోవడం, గొంతుక్కూర్చోవడం మన అలవాట్లు. కుర్చీలో కూర్చునేవారికి తొంభై డిగ్రీల వంపు చాలు. గొంతుక్కూర్చోవాలంటే అంతకు చాలా ఎక్కువ కావాలి.

ఈ చిక్కుకు ఒక మార్గం, దర్జీ కొలత తీసుకుని చొక్కా కుట్టినట్లు, ఏ రోగికి ఆ రోగి కొలతల ప్రకారం కీలు తయారుచేయడం. కాని చర్మం కింద, కండరాల లోపల ఉన్న ఎముకకు టేపు పెట్టి కొలత తీసేదెలా? ఇందుకు రెండు ఆవిష్కరణలు తోడ్పడ్డాయి.

మొదటిది సి.టి. స్కాను. ఇంగ్లండులో గ్రామఫోను రికార్డులకు పేరుపొందిన ఇ.ఎం.ఐ. కంపెనీలో గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డు అనే ఇంజనీరు దీనిని రూపొందించాడు. 1971లో తొలిసారి ఒక రోగి తలను దీనితో పరీక్షించారు. 1979లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. ఆయనకు విశ్వవిద్యాలయ పట్టా లేదన్న సంగతి కూడా చెప్పుకోదగ్గది. మామూలు ఎక్స్‌రే ఎముక నీడను మాత్రమే చూపుతుంది. సి.టి. స్కాను శరీరం చుట్టూ ఎక్స్‌రేలు పంపి, దోసకాయను చక్రాలుగా తరిగినట్లు, ఒక మిల్లీమీటరు లేదా అంతకంటె తక్కువ ఎడంతో పొరపొరగా చిత్రాలు ఇస్తుంది. ఎముక చిత్రంలో తెల్లగా, కండ బూడిద రంగులో కనిపిస్తుంది. కంప్యూటరు ప్రతి చిత్రంలోనూ తెల్లని భాగాన్ని వేరుచేసి, ఆ చక్రాలన్నింటినీ ఒకదానిపై ఒకటి పేర్చి, తెరమీద ఎముక పూర్తి రూపాన్ని నిలబెడుతుంది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూడవచ్చు, ఎక్కడ కావాలంటే అక్కడ కొలవవచ్చు.

రెండవది త్రిమితీయ ముద్రణ. 1984లో అమెరికాకు చెందిన చార్లెస్ హల్ దీనిపై హక్కుల కోసం దరఖాస్తు చేశాడు. పేరులో ముద్రణ అని ఉన్నా ఇది సిరాతో చేసే పని కాదు. చన్నపట్నం బొమ్మల పనివారు కొయ్య దిమ్మను తిప్పుతూ అక్కర్లేని భాగాన్ని చెక్కివేస్తారు. ఇక్కడ దానికి వ్యతిరేకం. చెదపురుగులు రేణువు మీద రేణువు పేర్చి పుట్ట కట్టినట్లు, ఈ యంత్రం వెంట్రుక కంటె సన్నని లోహపు పొడి పొరను పరుస్తుంది. కావలసిన చోట మాత్రమే లేజరు కిరణం ఆ పొడిని కరిగించి అతికిస్తుంది. ఆపైన మరొక పొర. వేలాది పొరలు పూర్తయ్యాక మిగిలిన పొడిని దులిపివేస్తే లోపలి వస్తువు బయటపడుతుంది. ఒకటే చేసినా వందలు చేసినా ప్రత్యేకంగా అచ్చు అక్కర లేదు. ఒక్కరి కోసం ఒక్క వస్తువు చేయవలసి వచ్చిన చోట ఈ యంత్రానికి సాటి వచ్చేది అరుదు.

ఇక రూపకల్పన ఎలా జరుగుతుందో చూద్దాం. సంబంధం లేని విషయాలను కలిపితే బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టారంటాం. ఇక్కడ మాత్రం మోకాలికి తుంటితోనూ చీలమండతోనూ ముడిపెట్టక తప్పదు. తుంటి బంతి మధ్య నుంచి చీలమండ మధ్యకు గీసిన గీత ఆరోగ్యవంతుని మోకాలి మధ్యకు దగ్గరగా పోతుంది. వంగిన కాలిలో అది లోపలికి జరిగి, అటువైపే భారం పడుతుంది. అందుచేత స్కానులో మోకాలితో పాటు తుంటి, చీలమండ కూడా తీస్తారు. ఇంజనీరు ఆ గీతను ఆధారం చేసుకుని ఎముకను ఎక్కడ, ఏ కోణంలో కోయాలో తెరమీదే నిర్ణయిస్తాడు. అరిగిపోక మునుపు ఆ ఎముక వంపు ఎలా ఉండేదో అంచనా వేసి, తొడుగు వెలుపలి వంపును దానికి అనుగుణంగా గీస్తాడు. లోపలివైపు కోసిన ఎముకకు సరిగ్గా అతుక్కునేలా చేస్తాడు. తొడుగు మరీ పలుచనైతే విరుగుతుంది, మరీ మందమైతే ఎముకను ఎక్కువ కోయవలసి వస్తుంది. నడిచేటప్పుడు, మెట్లెక్కేటప్పుడు పడే భారాన్ని కంప్యూటరులోనే మోపి ఎక్కడ ఒత్తిడి పోగవుతున్నదో చూస్తారు. శస్త్రచికిత్స చేయబోయే వైద్యుడు చూసి సరేనన్న తరువాతే తయారీ మొదలవుతుంది. వైద్యుడు, ఇంజనీరు ఒకరి భాష మరొకరు నేర్చుకోవలసిన ఘట్టం ఇది. బహుశా ఇందులో అన్నింటికంటె కష్టమైనదీ ఇదే.

అన్ని భాగాలకూ ఒకే పదార్థం పనికిరాదు. టైటానియం తేలిక, ఎముకతో చక్కగా కలిసిపోతుంది. దానిపై సన్నని రంధ్రాలు ఉంచితే ఎముక వాటిలోకి పెరిగి పట్టుకుంటుంది. కాని రాపిడికి అది త్వరగా అరుగుతుంది. కనుక ప్లాస్టిక్‌పై జారే తొడుగును సాధారణంగా కోబాల్టు, క్రోమియం కలిసిన మిశ్రలోహంతో చేసి అద్దంలా మెరుగు పెడతారు. నడుమ దిమ్మ పాలిథిన్ జాతికి చెందినదే. అయితే అది మన సంచుల పాలిథిన్ కాదు. దాని అణువుల గొలుసులు ఎంతో పొడవైనవి. అరుగుదల తగ్గడానికి దానిపై వికిరణం కూడా ప్రసరింపజేస్తారు.

మామూలు కొలతల తొడుగులను ఎక్కువగా మైనపు అచ్చు పద్ధతిలో పోతపోస్తారు. ఆదిలాబాదు జిల్లాలోని ఓజ కళాకారులు డోక్రా బొమ్మలు చేసేదీ ఈ సూత్రంతోనే. మైనంతో ఆకారం చేసి, పైన మట్టి పూసి, మైనాన్ని కరిగించి తీసి, ఆ ఖాళీలో లోహం పోస్తారు. వేల ఏళ్ళనాటి ఈ విద్య ఇప్పటికీ ఆసుపత్రి శస్త్రచికిత్సశాల దాకా వస్తున్నది.

ఆ కీలును సరైన చోట అమర్చడం మరొక పని. ఇందుకోసం రోగి ఎముకపై మాత్రమే సరిగ్గా కూర్చునే ప్లాస్టిక్ మూసను ముద్రిస్తారు. అందులోని చీలికలగుండా రంపం పోనిస్తే ముందు అనుకున్న చోటనే కోత పడుతుంది. కీలు మామూలు కొలతదైనా మూస మాత్రం రోగికి ప్రత్యేకంగా చేయించుకోవచ్చు. ఈ మధ్యకాలంలో రంపాన్ని అదుపుచేసే రోబో యంత్రాలు కూడా మన నగరాల ఆసుపత్రులకు వచ్చాయి.

ఇంతా చేస్తే, వర్తూరులోని అవ్వకు తన కొలతకు చేసిన కీలే కావాలా? ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. మామూలు కొలతల కీళ్ళు చెడ్డవేమీ కావు. వివిధ దేశాల నమోదు పుస్తకాలను పరిశీలించి 2019లో ప్రచురించిన ఒక అధ్యయనం ప్రకారం పూర్తి మోకాలి మార్పిడి చేయించుకున్న వారిలో పదిమందికి ఎనిమిది మందికి పైగా ఆ కీలు 25 ఏళ్ళు నిలిచింది. ప్రత్యేకంగా చేసిన కీలు ఎముకకు చక్కగా సరిపోతుందన్నది నిజమే. కాని నొప్పి తగ్గడంలో, నడకలో అది మామూలు కీలు కంటె అందరికీ మేలైనదని పరిశోధనలు ఏకగ్రీవంగా చెప్పడం లేదు. ఖర్చు ఎక్కువ, స్కాను తీసిన తరువాత వారాల తరబడి వేచి ఉండాలి. ఎముక కొలత, వంపు మామూలుగా ఉన్నవారికి, అనుభవం గల వైద్యుని చేతిలో మామూలు కీలు చాలు. కొత్తది కనుక మంచిదే అయి ఉంటుందనుకోవడం వ్యాపార ప్రకటనలకు బాగుంటుంది గాని చికిత్సకు ఆధారం కాదు.

ఎముక బాగా వంకర తిరిగినవారికి, ప్రమాదంలో నుగ్గయినవారికి, మొదట పెట్టిన కీలు చెడి రెండవసారి మార్చవలసి వచ్చినవారికి సంగతి వేరు. అందరికంటె ముఖ్యంగా ఎముక క్యాన్సరు సోకిన పిల్లలకు. ఆస్టియోసార్కోమా అనే క్యాన్సరు పది, ఇరవై ఏళ్ళ మధ్యవారికి, అంటే మీ ఈడువారికి, ఎక్కువగా మోకాలి దగ్గరే వస్తుంది. అది అరుదైన వ్యాధి, భయపడవలసిన పని లేదు. కాని వచ్చినవారికి ఒకప్పుడు తొడ దగ్గర కాలు తీసివేయడమే మార్గం. తరువాత మందులు మెరుగుపడ్డాయి. వ్యాధి సోకిన ఎముక భాగాన్ని మోకాలితో సహా తీసి, ఆ ఖాళీలో లోహపు ఎముకనూ కీలునూ కలిపి అమర్చి కాలిని నిలబెట్టడం సాధ్యమైంది. ఎంత ఎముక తీయవలసి వస్తుందో ఒక్కొక్క రోగికి ఒక్కొక్క రకం. విదేశాల నుంచి తెప్పించే ఇటువంటి కీలు ధర లక్షలలో ఉండేది. వైద్యుడు ఉన్నాడు, విద్య ఉంది, అయినా డబ్బు లేక కాలు కోల్పోవలసి వచ్చేది.

ఈ లోటు తీర్చడానికి మూడు సంస్థలు చేయి కలిపాయి. ముంబయిలోని ఐ.ఐ.టి.లో ఆచార్య బి. రవి 2007లో ఆర్థోక్యాడ్ ప్రయోగశాలను నెలకొల్పారు. రూపకల్పన అక్కడ జరిగింది. టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు రోగుల అవసరాలు తెలిపారు. తయారీ బాధ్యతను మన హైదరాబాదులోని కంచన్‌బాగ్‌లో ఉన్న నాన్‌ఫెర్రస్ మెటీరియల్స్ టెక్నాలజీ డెవలప్‌మెంట్ సెంటర్ స్వీకరించింది. ఇనుమేతర లోహాలపై పనిచేసే ఈ సంస్థ చుట్టూ ఉన్నవి రక్షణ పరిశోధనశాలలు. భారత ప్రభుత్వ ప్రధాన శాస్త్ర సలహాదారు కార్యాలయం ఈ ప్రయత్నానికి తోడ్పడింది.

హైదరాబాదుకు ఈ విషయంలో ఒక పూర్వకథ ఉంది. 1990లలో నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన ఎముకల వైద్యుడొకరు డాక్టర్ ఎ.పి.జె. అబ్దుల్ కలాం ప్రయోగశాలకు వెళ్ళి, క్షిపణుల కోసం చేసిన తేలిక పదార్థాన్ని చేత పట్టుకుని చూశాడట. తన ఆసుపత్రిలో పోలియో సోకిన పిల్లలు మూడు కిలోలకు పైగా బరువున్న ఇనుప పట్టీలు కాళ్ళకు కట్టుకుని ఈడ్చుకుంటూ నడుస్తున్నారని చెప్పి, కలాంను తీసుకుపోయి చూపించాడు. మూడు వారాలలో 300 గ్రాముల పట్టీలు తయారయ్యాయి. ఈ ముచ్చటను కలాం తన ప్రసంగాలలో ఎన్నోసార్లు చెప్పుకున్నారు.

పిల్లల విషయంలో మరొక చిక్కు ఉంది. కాలు పొడవు పెరగడంలో పెద్ద భాగం మోకాలి పక్కనున్న ఎముక కొనల వద్దే జరుగుతుంది. ఆ కొనను తీసివేస్తే ఆ కాలు పెరగదు, రెండవ కాలు పెరుగుతూనే ఉంటుంది. అందుకే పిల్లలకు పెట్టే కీలులో పొడవు పెంచుకునే ఏర్పాటు చేస్తారు. కొన్నింటిలో మళ్ళీ కోత పెట్టకుండా, వెలుపలి నుంచి అయస్కాంత శక్తితో లోపలి మరను తిప్పి కొద్దికొద్దిగా పొడిగించవచ్చు.

ధర విషయం కూడా చెప్పుకోవాలి. 2017 ఆగస్టులో జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ మోకాలి కీళ్ళకు గరిష్ఠ ధరలు నిర్ణయించింది. అప్పుడు కోబాల్టు క్రోమియం కీలుకు రూ. 54,720, టైటానియం రకానికి రూ. 76,600, క్యాన్సరు రోగులకు వాడే ప్రత్యేకమైన వాటికి రూ. 1,13,950గా పన్నులు కాక నిర్ణయమైంది. అంతకుముందు మామూలు కీలుకే లక్షన్నర దాకా వసూలయ్యేది. కీలు ధర తగ్గినా ఆసుపత్రి ఖర్చులు, మందులు, తరువాతి వ్యాయామ చికిత్స వేరుగా ఉంటాయి.

శస్త్రచికిత్స జరిగిన రోజో, మరునాడో రోగిని లేపి నడిపిస్తారు. నొప్పిగా ఉన్నా మోకాలిని ముడవడం, చాపడం రోజూ చేయాలి. అది సాగకపోతే ఎంత చక్కగా కుదిరిన కీలైనా బిగుసుకుపోతుంది. పంటి చిగుళ్ళలోనో, పాదం పుండులోనో ఉన్న క్రిములు రక్తం ద్వారా కీలును చేరే ప్రమాదం ఉంటుంది కనుక చిన్న పుండునైనా నిర్లక్ష్యం చేయరాదు. నేలమీద కూర్చోవచ్చునా లేదా అన్నది వైద్యుని అడిగి తెలుసుకోవలసిందే. కీలు రకాన్ని, కండరాల పట్టును బట్టి సమాధానం మారుతుంది.

ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు కీలు పేరు, కొలత, తయారీ సంఖ్య ఉన్న చీటీ ఒకటి ఇస్తారు. దాన్ని రేషను కార్డుతో సమానంగా దాచుకోవాలి. పదేళ్ళ తరువాత ఏ భాగమైనా మార్చవలసి వస్తే లోపల ఉన్నదేమిటో వైద్యునికి తెలిపేది అదే. మరొక ఉపయోగమూ ఉంది. వైట్‌ఫీల్డు మెట్రో స్టేషనులో తనిఖీ ద్వారం దాటుతున్న అవ్వను చూసి యంత్రం కూత పెడితే, ఆ చీటీ చూపించి లోపల లోహపు కీలు ఉందని చెప్పవచ్చు.